తుపాకి పట్టడమే రాని నేను పిల్లల షూటింగ్ శిక్షణలో వాలంటీరుగా చేరొచ్చా?

సందేహం:
మా అమ్మాయికి పదకొండేళ్లు. స్నేహితురాలితో కలిసి ఒకరోజు ఎయిర్ రైఫిల్ క్లాసు చూసొచ్చి, తనూ చేరతానని పట్టుబట్టింది. సరే అని కనుక్కుంటే, అక్కడ జీతం తీసుకునే కోచ్ ఒక్కరే ఉన్నారు. మిగతా పనంతా తల్లిదండ్రులే వాలంటీర్లుగా చూసుకుంటున్నారు. "మీరూ రండి, ముందు భద్రత శిక్షణ ఇస్తాం, తర్వాత సహాయ శిక్షకురాలిగా ఉందురుగాని" అన్నారు.

నేను ఇంతవరకు తుపాకి ముట్టుకోలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. మావారు పిల్లను చేర్పిద్దామంటున్నారు. మా ఆడపడుచు మాత్రం "ఆడుకునే వయసులో దాని చేతికి తుపాకి ఇస్తారా వదినా" అని మొహం మీదే అడిగింది. పిల్లలకు ఈ ఆట నేర్పడం అసలు సబబేనా? సబబే అనుకున్నా, ఏమీ తెలియని నేను అక్కడ శిక్షకురాలినని నిలబడటం సబబేనా? రెండోదానికే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

పదిమీటర్లు:
పన్నెండేళ్లుగా పిల్లల ఎయిర్ రైఫిల్ శిక్షణలో వాలంటీరుగా ఉన్నాను. చేరండనే చెబుతాను. అయితే అక్కడ జరిగేది ఒకటి, బయటివాళ్లు ఊహించుకునేది ఇంకొకటి. ముందు అది చెబుతాను.

టార్గెట్ పది మీటర్ల దూరంలో ఉంటుంది. రైఫిల్ టార్గెట్‌లో పది మార్కులొచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. అంటే కొట్టాల్సిన చుక్క కంటే కొట్టే గుండే పెద్దది. కోపంగా ఉన్న పిల్లాడు, తొందరపడే పిల్ల ఆ చుక్క దరిదాపులకు కూడా పోలేరు. అందుకే గంట క్లాసులో నిజంగా పేల్చేది కొద్దిసేపే. మిగతాదంతా నిలబడే తీరు, ఊపిరి, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, నొక్కాక కూడా కదలకుండా ఉండటం.

ప్రతిదీ ఆజ్ఞ మీదే నడుస్తుంది. లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. ఆజ్ఞ వచ్చేదాకా రైఫిల్ బల్ల మీదే, మూతి టార్గెట్ వైపే, గొట్టం ఖాళీ అని తెలిసేలా అందులో పైకి కనిపించే రంగు తీగ. పేల్చేవాళ్లు నిలబడే లైను దాటి ముందుకు ఒక్క మనిషి వెళ్లినా వెనకున్నవాళ్లెవరూ తుపాకి ముట్టుకోకూడదు. "స్టాప్" అని ఎవరైనా అరవొచ్చు, ఎనిమిదేళ్ల పిల్ల అరిచినా ఆగాల్సిందే.

ఇక మీ రెండో ప్రశ్న. నేను చేరిన మొదటి ఏడాది జరిగింది చెబుతాను. ఒక అబ్బాయికి పెల్లెట్ సరిగ్గా కూర్చోలేదు. "సార్, ఇది పోవట్లేదు" అంటూ నావైపు తిరిగాడు. వాడితోపాటే రైఫిలూ తిరిగింది. నేను పక్క పిల్ల స్కోరు చూస్తున్నాను. కోచ్ లైను ఆ చివర ఉన్నారు. అప్పటికి రెండు వారాల కిందట చేరిన ఒకావిడ చెయ్యి చాచి గొట్టాన్ని మళ్లీ టార్గెట్ వైపు తిప్పి పట్టుకున్నారు. ఆ తర్వాతే "ఏమైంది నాన్నా" అని అడిగారు. ఆవిడ అప్పటికి ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఆవిడ టార్గెట్‌ను చూడటం లేదు కాబట్టే పిల్లాడి చేతులు కనిపించాయి. గురి తెలిసినవాళ్ల చూపు ఎప్పుడూ టార్గెట్ మీదికే పోతుంది. లైను మీద అటు చూడనివాళ్లు కావాలి. ఆ పని మీరు చేయగలరు.

ఇద్దరు పిల్లల నాన్న:
పదిమీటర్లు గారూ, మీరు చెప్పినదంతా షూటింగ్ జరిగే రేంజ్ లోపలి మాట. నా భయం రేంజ్ బయట.

2001లో అమెరికాలో వైద్యులు ఒక అధ్యయనం చేసి పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లుగా ఒక గదిలో వదిలారు. డ్రాయరులో నిజమైన పిస్టల్ పెట్టారు, గుండ్లు లేకుండా. 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్నవాళ్లలో, నొక్కినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు ఏదో ఒక భద్రత పాఠం విన్నవాళ్లే. నేర్పితే జాగ్రత్త వస్తుందని మనం అనుకుంటున్నాం. ఆ పిల్లలకూ ఎవరో నేర్పారు కదా.

ఇంకో మాట. శిక్షణలో ఉన్న పిల్లకు తుపాకి కొత్త వస్తువు కాదు. భయం పోతుంది. భయం కూడా ఒక కాపలాయే. దాన్ని మనమే తీసేసి, బదులుగా క్రమశిక్షణ ఇచ్చామని చెప్పుకుంటున్నాం. పదకొండేళ్ల పిల్లకు ఏకాగ్రతే కావాలంటే విలువిద్య ఉంది, చదరంగం ఉంది, సంగీతం ఉంది. తుపాకే ఎందుకు?

బడిపంతులు:
ఇరవై ఏళ్లుగా ఆ వయసు పిల్లలతోనే నా పని. తుపాకి గురించి నాకు తెలిసింది తక్కువ, పిల్లల గురించి ఒకటి చెప్పగలను. ఒకే క్లాసులో ముప్పై మందికి ఒకే పాఠం చెబుతాం, ముప్పై రకాలుగా వింటారు. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ఇంకో ఏడాది ఆగమని చెప్పాలి అన్నది అక్కడ ఎవరు తేలుస్తున్నారు? వయసు చూసి చేర్చుకుంటే చాలదు. చెప్పిన మాట మొదటిసారే వినే పిల్లా కాదా, ఓడిపోతే వస్తువులు విసిరేసే పిల్లా కాదా అని చూడాలి. అది కోచ్ కంటే తల్లులకే బాగా కనిపిస్తుంది. సందేహం గారూ, మీరు చేరితే, పిల్లల్ని ఎంచేటప్పుడు మీ మాటకూ చోటుందా అని అడగండి.

పదిమీటర్లు:
నాన్నగారూ, ఆ అధ్యయనం నేనూ చదివాను. దాన్ని కాదనను. నోటితో చెప్పిన "ముట్టుకోకు" పిల్లల్ని ఆపదు. మా దగ్గర శిక్షణ తీసుకున్న పిల్లల్నీ డ్రాయరులో పిస్టలున్న గదిలో వదిలితే ముట్టుకోరని నేను హామీ ఇవ్వలేను. ఎవరూ ఇవ్వకూడదు. 2023లో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ముందుగా ఒక నిమిషం భద్రత వీడియో చూసిన పిల్లలు తక్కువగా ముట్టుకున్నారు, ఎక్కువమంది పెద్దవాళ్లకు చెప్పారు. అయినా ముట్టుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి పాఠం సాయపడుతుందేగానీ తాళానికి బదులు కాదు.

ఆ గదిలో లేనిది పెద్దమనిషి. డ్రాయరుకు లేనిది తాళం. మా పద్ధతిలో ఈ రెండే పట్టుకుని వేలాడతాం. రైఫిల్ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకోదాంట్లో, తాళాలు బాధ్యత ఉన్న ఇద్దరి దగ్గరే. పిల్ల ఇంటికి తీసుకెళ్లేది స్కోరు కాగితం ఒక్కటే. ఇంట్లో తుపాకి ఉన్న కుటుంబమైతే, అది ఎలా దాస్తున్నారో చెప్పాకే పిల్లను చేర్చుకుంటాం. ఇబ్బందిగా ఉన్నా ఆ ప్రశ్న అడుగుతాను.

విలువిద్య మాట బాగుంది. కొందరు పిల్లలకు నేనే అది చెప్పి పంపాను. కానీ బాణమూ ఆయుధమే. అక్కడా లైను, ఆజ్ఞ, ముందుకెళ్లే ముందు అందరూ ఆగడం ఉంటాయి.

పాత షూటర్:
నేను పన్నెండో ఏట మొదలుపెట్టి పంతొమ్మిదికి మానేశాను. ప్రమాదం గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు దెబ్బ తగిలింది ఇంకోచోట.

మా కోచ్‌కు పతకాలు కావాలి. పోటీ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. నడుము పక్కకు వంచి, ఆ బరువు ఒకే పక్క మోస్తూ, రోజుకు గంటల తరబడి. నొప్పి అంటే "అందరికీ ఉంటుంది" అనేవాడు. పదిహేనేళ్లకే నాకు నడుం నొప్పి పట్టుకుంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చిన్నపిల్లలకు తేలికైన రైఫిల్, మోయడానికి స్టాండ్ ఉంటాయని తర్వాతెప్పుడో తెలిసింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొరియా అమ్మాయి బాన్ హ్యోజిన్ పదహారేళ్లకే ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచింది. ఆ అమ్మాయి ఆట మొదలుపెట్టింది 2021లో. ఆ వార్త చదివిన రోజు నాకు సంతోషం కంటే ముందు భయం కలిగింది. ఎంతమంది తల్లిదండ్రులు "మూడేళ్లు చాలన్నమాట" అని లెక్కలు వేసుకుని ఉంటారో అని. మూడేళ్లలో అక్కడికి చేరేవాళ్లు కోట్లలో ఒకరు.

అందుకే సందేహం గారి లాంటివాళ్లు చేరాలంటాను. మా రేంజ్‌లో పతకంతో పనిలేని పెద్దమనిషి ఒక్కరున్నా నా నొప్పి ఎవరో విని ఉండేవారు. కానీ ఒక షరతు. రెండు వారాల శిక్షణతో పిల్లల భంగిమ సరిదిద్దకండి, ట్రిగ్గర్ ఎలా నొక్కాలో చెప్పకండి. తప్పుగా నేర్చుకున్నది వదిలించుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలియని ప్రశ్న వస్తే "కోచ్‌ను అడుగుదాం పద" అనండి.

బడిపంతులు:
పాత షూటర్ గారి మాట చదివాక ఒకటి కలుపుతాను. కోచ్ అయినా వాలంటీరైనా, ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. భంగిమ సరిచేయడానికి భుజమో చెయ్యో పట్టుకోవాల్సిన ఆట ఇది. ముట్టుకునే ముందు పిల్లను అడగాలి. ఈ నియమం రాసి గోడకు అంటించని చోటికి నేనైతే పంపను.

ఇద్దరు పిల్లల నాన్న:
నా పిల్లల్ని నేను పంపను, ఆ మాట మారలేదు. కానీ ఇక్కడ నాకు దొరికిన జవాబులు నిజాయితీగా ఉన్నాయి. హామీ ఇవ్వలేనని చెప్పిన శిక్షకుణ్ని నమ్మొచ్చనిపిస్తోంది. సందేహం గారూ, వెళ్లేటట్టయితే సీసం గురించి కూడా అడగండి. మామూలు పెల్లెట్లు సీసంతో చేసినవే. పిల్లలు వాటిని వేళ్లతో పట్టుకుని, అదే చేత్తో తింటారు. సబ్బుతో చేతులు కడిగించే పని ఎవరిది? సీసం దుమ్ము లేచేలా నేలను పొడి చీపురుతో ఊడుస్తున్నారా? మూసిన గదైతే గాలి ఎటు పోతోంది?

పదిమీటర్లు:
చేతులు కడిగించేది మా దగ్గర వాలంటీర్లే. రైఫిల్ బల్ల మీద పెట్టాక నేరుగా నీళ్ల దగ్గరికే. లైను దగ్గర తినడం, తాగడం లేదు. చీపురు విషయం మాత్రం మేమూ మూడేళ్ల కిందటే మార్చుకున్నాం, అంతకుముందు పొడిగానే ఊడ్చేవాళ్లం. కళ్లద్దాలు కూడా అడగండి. పెల్లెట్ తగిలి వెనక్కి ఎగిరితే కన్ను పోతుంది. లైను వెనక నిలబడిన వాలంటీర్లకూ అవి ఉండాలి.

సందేహం:
అందరికీ నమస్కారం. రెండు వారాలు రాయలేకపోయాను. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని, అమ్మాయిని ఇంట్లో వదిలేసి, రెండు క్లాసులు వెనక కూర్చుని చూసొచ్చాను.

ఆజ్ఞలు పదిమీటర్లు గారు చెప్పినట్టే నడుస్తున్నాయి. రెండో రోజు ఒక బాబు పెల్లెట్ కింద పడితే వంగబోయాడు. ముగ్గురు ఒకేసారి స్టాప్ అన్నారు, అందులో ఒకరు పక్క పిల్ల. కళ్లద్దాలు అందరికీ ఉన్నాయి. ఒంటరిగా ఉండకూడదన్న నియమం పాటిస్తున్నారు కానీ ఎక్కడా రాసి లేదు. రాయండని అడిగాను. చేతులు కడిగించేవాళ్లు ఎవరూ లేరు. ఆ పని నేను చేస్తానన్నాను.

నాకు నచ్చనిది తాళం సంగతి. బీరువా తాళంచెవి అందరికీ తెలిసిన సొరుగులో ఉంది. "ఇక్కడ అందరూ మనవాళ్లే కదా" అన్నారు. నాన్నగారు చెప్పిన ఆ 21 జట్లు గుర్తొచ్చాయి, అదే వాళ్లకు చెప్పాను. కోచ్ కాసేపు మాట్లాడలేదు. మరుసటి క్లాసుకు తాళంచెవి ఆయన మెడలో ఉంది. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ఇంకా తేల్చలేదు.

శనివారం నా మొదటి భద్రత క్లాసు. రైఫిల్ ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేను చెప్పను, వాళ్ల చేతులు మాత్రం చూస్తాను. మా అమ్మాయి పేరు ఇంకా రాయించలేదు. ఆ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో తేలాక రాయిస్తానని దానితోనే చెప్పాను, అలిగింది. ఆడపడుచు మాత్రం శనివారం నాతో వస్తానంది, వెనక కూర్చుని చూస్తుందట.