దయా దినం చేయాలి, ఫోటోల గోల లేకుండా ఎలా?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్ళమే. నవంబర్ 13 ప్రపంచ దయా దినోత్సవం కదా, 1998 నుంచి జరుపుతున్నారు. పోయినేడు మేమూ చేశాం. డబ్బాలో చీటీలు వేసి, ఎవరికి ఏది వస్తే ఆ చిన్న సాయం చేయాలన్నాం. తీరా చూస్తే అందరికీ కనిపించింది ఒక్క వాచ్‌మనే! మధ్యాహ్నానికల్లా పాపం ఆయన ముందు పదకొండు టిఫిన్ బాక్సులు. పైగా ప్రతి ఒక్కరూ సెల్ఫీ. చివరికి ఆయనే "చాలమ్మా, ఇంక వదిలేయండి" అన్నాడు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

ఈసారి ఫోటోలు వద్దని గట్టిగా చెప్పాను. పొద్దున్నే చెత్త తీసుకెళ్ళే పౌరకార్మికులకు ఏం చేస్తే వాళ్ళు చిన్నబుచ్చుకోరు? తడి చెత్త, పొడి చెత్త సరిగ్గా వేరు చేసి ఇవ్వడమే అన్నిటికన్నా మంచి సాయమని నా ఉద్దేశం. కానీ పిల్లలకు అది ఆటలా అనిపించదు. పదేళ్ళలోపు వాళ్ళ చీటీల్లో ఏం రాయాలి? కన్నడ మాట్లాడే పెద్దవాళ్ళనూ కలుపుకోవాలని ఉంది. చీటీలు రెండు భాషల్లో రాస్తే సరిపోతుందా, ఇంటింటికీ వెళ్ళి పిలవాలా? ఇలాంటివి చేసినవాళ్ళుంటే కాస్త చెప్పండి.