కంప్యూటర్ తెర చూడాలా, రోగి చేయి పట్టుకోవాలా? ఆపరేషన్ థియేటర్ నర్సులు సలహా ఇవ్వండి

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో తొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఏడాది క్రితం మాకు రోబో యంత్రం వచ్చింది, నమోదులన్నీ కంప్యూటర్‌లోకి మారాయి. యంత్రంపై నాకు కోపం లేదు. చిన్న గాట్లతో రోగులు త్వరగా లేచి నడవడం కళ్లారా చూస్తున్నాను.

నా బాధ మత్తు ఇచ్చే ముందు నాలుగైదు నిమిషాల గురించే. గత వారం సిద్దిపేట నుంచి వచ్చిన ఒక పెద్దామె బల్ల మీద వణుకుతూ, "బిడ్డా, నాకు మళ్లీ మెలకువ వస్తుందా?" అని అడిగింది. నేను తెర వైపు తిరిగి వివరాలు ఎక్కిస్తున్నాను. నేను బదులు చెప్పేలోపే ఆమె మత్తులోకి జారిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో 19 అంశాలున్నాయి. మొదటిదే రోగి పేరు, ఆపరేషన్, చేసే చోటు, సమ్మతి రోగితోనే నిర్ధారించుకోవడం. అంటే మాట్లాడటమే కదా! మా దగ్గర అది తెర మీద టిక్కుగా మిగిలింది.

మీ థియేటర్లలో రోగి లోపలికి రాకముందే నమోదులు ముగిస్తారా? మత్తు ఎక్కేవరకు ఒక నర్సును రోగి దగ్గరే ఉంచుతారా? సిబ్బంది తక్కువైన చోట దీన్ని ఎలా సాధించారు? పై అధికారులను ఎలా ఒప్పించారో కూడా దయచేసి చెప్పండి.