ఇరాన్ 2009 ఎన్నికల వీడియోలను సరిచూడటం ఎలా?

జర్నలిజం ప్రాజెక్టుకి 2009 జూన్ 12 నాటి ఇరాన్ అధ్యక్ష ఎన్నిక తీసుకుని తల పట్టుకున్నాను. అప్పటి అధ్యక్షుడు అహ్మదీనెజాద్‌కి దాదాపు 63 శాతం, ఆయన ప్రధాన ప్రత్యర్థి మౌసవీకి 34 శాతం ఓట్లు వచ్చాయన్నారు. 50 నగరాల్లో ఓటర్లకన్నా ఓట్లే ఎక్కువ పడ్డాయని ఎన్నికలను పర్యవేక్షించే గార్డియన్ కౌన్సిలే ఒప్పుకుంది, కాకపోతే అక్కడ ఎవరైనా ఏ ఊళ్లోనైనా ఓటేయొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. నా తంటా అంతా ఆ తర్వాత, ఫలితాల్లో మోసం జరిగిందంటూ జనం వీధుల్లో చేసిన నిరసనల వార్తలతోనే. విదేశీ విలేకరులను వీధుల్లోకి వెళ్లనివ్వకపోవడంతో టీవీల వాళ్లు జనం సెల్‌ఫోన్లలో తీసిన వీడియోలే వేసుకున్నారు, పైగా నిరసనలు ట్విట్టర్ వల్లే నడిచాయన్నట్టు ‘ట్విట్టర్ విప్లవం’ అంటూ ఊదరగొట్టారు (నాకైతే అది అతి అనిపిస్తుంది). గేట్ల మీది రాతలు, బస్సుల నంబర్లు తప్ప ఆధారం లేని ఆ క్లిప్పుల తేదీ, చోటు ఎలా తేల్చాలి? పర్షియన్ చదవగలిగినవాళ్లుంటే, అప్పటి టెహ్రాన్ పేపర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి ప్లీజ్. సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.