క్రాస్‌కంట్రీ సైకిల్‌కు తేలికైన ఫోర్కు: కదలిక 100 మి.మీ.నా, 120 మి.మీ.నా?

నమస్కారం. నేను గచ్చిబౌలిలో ఉంటాను. వారాంతాల్లో గండిపేట పరిసరాల మట్టిదారుల్లోనూ, వీలైనప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లోనూ 29 అంగుళాల చక్రాల సైకిల్ తొక్కుతాను. సైకిల్‌తో పాటు వచ్చిన స్ప్రింగు ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులను తట్టుకునే భాగాన్ని) విప్పి తూచితే రెండున్నర కిలోలు దాటింది. పైగా మొన్నటి వానల్లో సీళ్ల కిందికి ఎర్రమట్టి చేరి, గోటితో గీస్తే అందేటంత గాడి లోపలి గొట్టం మీద పడింది. దానికి మరమ్మతు చేయించడం దండగ అనిపించి, గాలితో పనిచేసే ఫోర్కు కొనదలిచాను.

రాక్‌షాక్స్ సిడ్ ఎస్ఎల్, ఫాక్స్ 32 స్టెప్‌కాస్ట్ అనే గాలి ఫోర్కులు రెండూ సుమారు 1.4 కిలోలే, వాటి గొట్టాలు 32 మి.మీ. మందం. నా బరువు 62 కిలోలు కనుక అది చాలుననుకుంటున్నాను. అయితే అనంతగిరి రాళ్ల దిగుడులో 120 మి.మీ. కదలిక (కుదుపుకు ఫోర్కు కుంగే దూరం) ఉంటే బాగుండునన్న ఆశ కూడా ఉంది. నా ఫ్రేము 100 మి.మీ.కు రూపొందించినది, 20 మి.మీ. పెంచితే హెడ్ కోణం (ఫోర్కు అమరే ఫ్రేము ముందు గొట్టం నేలతో చేసే కోణం) దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. నిటారు ఎక్కుళ్లలో ముందు చక్రం అదుపు తప్పుతుందా? అలా మార్చి తొక్కినవారు చెప్పగలరు.

నా ముందు చక్రానిది పాత 9 మి.మీ. క్విక్ రిలీజ్ (మీటతో విప్పే) హబ్, అంటే చక్రం నడిమి భాగం. కొత్త ఫోర్కులకు 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పుండే బూస్ట్ రకం హబ్ కావాలి కాబట్టి హబ్ ఒక్కటే మార్చి ఊచలు తిరిగి అల్లించడం మేలా, చక్రమే కొనడం మేలా? సుమారు 50 గంటలకొకసారి ఫోర్కు కింది కాళ్లు (కింది గొట్టాలు) విప్పి నూనె మార్చే పనిని శ్రద్ధగా చేసే మెకానిక్ నగరంలో ఎక్కడ దొరుకుతారో కూడా దయచేసి తెలుపగలరు.