20 లీటర్ల రియాక్టర్‌లో క్రిస్టల్స్ బదులు నూనె దిగుతోంది, సీడ్ (ముందే తయారైన కొద్దిపాటి క్రిస్టల్స్) ఎప్పుడు వేయాలి?

బెంగళూరు బొమ్మసంద్ర వైపు కిలో ల్యాబ్‌లో ఒక ఇంటర్మీడియట్ (తయారీలో మధ్య దశ పదార్థం), మెల్టింగ్ పాయింట్ 78°సె. 5 వాల్యూమ్‌ల (కిలో పదార్థానికి 5 లీటర్లు) ఐపీఏలో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, 65° దగ్గర కరిగించి, 7 వాల్యూమ్‌ల నీళ్ళు కలిపి చల్లారుస్తున్నాం. లీటరు ఫ్లాస్కులో 45° దగ్గర చక్కటి సూదుల్లా వస్తుంది. 20 లీటర్లలో మాత్రం నీళ్ళు సగం పడేసరికి, 52° దగ్గరే మబ్బు పట్టి నూనె విడిపోతోంది. 30°కి అదే గడ్డకట్టి ఆజిటేటర్‌కు (కలిపే రెక్కకు) అంటుకుంటుంది. లోపల ఐపీఏ ఇరుక్కుపోయి, 45° వాక్యూమ్‌లో 16 గంటలు ఆరబెట్టినా 6,800 పీపీఎం ఉంటోంది (పరిమితి 5,000).

రెండుచోట్లా వాడింది ఒకే లాట్, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో స్వచ్ఛత 99.2 శాతం. కాబట్టి మలినాల మీద నాకు అనుమానం లేదు.

చల్లార్చే వేగం గంటకు 20° నుంచి 6°కి తగ్గించాం, తేడా లేదు. ఆర్‌పీఎం 90 నుంచి 160కి పెంచితే నూనె చిన్న చుక్కలైంది, అంతే. నీళ్ళు ఒక గంటలో కాకుండా 4 గంటల్లో పోస్తే నూనె కాస్త ఆలస్యంగా వచ్చింది. మబ్బు పట్టాక 50° దగ్గర 1 శాతం సీడ్ వేస్తే నూనెలోనే కరిగిపోయింది. సాల్వెంట్ మార్చే వీలు లేదు, క్లయింట్ ఒప్పుకోరు.

ఇలాంటి ఐపీఏ-నీళ్ళ సిస్టమ్‌లో నూనె రాకుండా చేసినవాళ్ళు చెప్పండి: మబ్బు పట్టడానికి ఎన్ని వాల్యూమ్‌ల నీళ్ళ ముందు ఆపి, ఏ ఉష్ణోగ్రత దగ్గర సీడ్ వేసి, ఎంతసేపు ఉంచారు?