మాండరిన్ రాట్ స్నేక్‌ని అనంతపురంలో పెంచొచ్చా?

తొండగాడు:
అన్నలూ ఒక డౌటు. బెంగళూరులో ఒకాయన మాండరిన్ రాట్ స్నేక్ పిల్ల ఇస్తానంటున్నాడు. బూడిద రంగు ఒళ్లు, వీపు మీద నల్లంచు పసుపు మచ్చలు, ఫొటో చూసినప్పటి నుంచి నిద్ర పట్టల్యా. విషం లేదు, మన జెర్రిపోతంత పెద్దదీ కాదు. నేనుండేది అనంతపురం, రూముకు ఏసీ ఉంది. తీసుకోవచ్చా?

రాత్రిడ్యూటీ:
వద్దు తమ్ముడూ. జర్మనీలో ఉన్నప్పుడు నా రూమ్మేట్ కాడ ఒకటి ఉండేది, పెంపకంలోనే పుట్టింది. డబ్బా నిండా తడి నాచు, ఆకుల చెత్త, దాంట్లో దూరిందంటే మూడు నాలుగు రోజులు ముక్కు కొన కూడా కనపడదు, ఖాళీ డబ్బాకు అద్దె కడతాండావని వాణ్ణి ఎగతాళి చేసేవాణ్ణి. చైనా, వియత్నాం కొండల్లో ఎలుక బొరియల్లో తిరిగే జాతి, అందుకే పెద్దదైనా కళ్లు తెరవని ఎలుకపిల్లలంటేనే ఇష్టం. 20 నుంచి 24 డిగ్రీలుంటే హాయి. ఒక ఎండాకాలం రూము 29 అయ్యింది, అంతే, తిన్నది కక్కేసి నీళ్లగిన్నెలో చుట్టుకొని పడుకునింది, వాడు ఐస్ బాటిళ్లకు గుడ్డ చుట్టి డబ్బా పక్కన పెడతా రాత్రంతా మేలుకున్నాడు. మే నెల్లో మనకు 42, మధ్యాహ్నం కరెంటు పోతే మిద్దె ఎంతసేపు చల్లగుంటాదో నీకే తెలుసు.

ఎర్రనేల:
అట్లయితే కడపలో హస్కీలు, ఆ చలిదేశం కుక్కలు, పెంచేవాళ్లందరినీ ఆపాల కదా. ఇన్వర్టర్ పెట్టుకుంటే అయిపాయె. శ్రద్ధ ఉన్నోనికి ఎందుకబ్బా అడ్డం పడతారు?

రాత్రిడ్యూటీ:
హస్కీ రొప్పుతాది, చూస్తే తెలుస్తాది. ఇది తిండి మానేసి దాక్కుంటాది, రోజూ చేసేదీ అదే కాబట్టి జబ్బని తెలిసేసరికి ఆలస్యం. అడవిలో పట్టిందయితే ఇంకా ఘోరం, కడుపులో పురుగులుంటాయి, ఒంట్లో నీళ్లుండవు. మన పక్క పామును చూసే డాక్టరు యాడున్నాడు?

నల్లకోటు:
అసలు సంగతి వదిలేసినారు. ఈ పాము మన ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనూ ఉంటుంది. మన దేశం పామును ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు కావచ్చు. కాగితాలడిగినావా?

తొండగాడు:
అడిగినా. కాగితాలెందుకు, బస్సు పార్సిల్‌లో వస్తాది అన్నాడు 😬

శెనిక్కాయలు:
పార్సిల్‌లో పామా సామీ! మా చేన్లో జెర్రిపోతు ఉండాది, ఆరడుగులు, కాయ ఆరబోసినప్పుడు ఎలుకల కోసం వస్తాది. తోకతో కొడితే ఒళ్లు ఎండిపోతాదని మా అవ్వ ఇప్పటికీ కట్టె తీస్తాది, నేనే అడ్డం పోతా. పాము చూడాలనుంటే పొద్దున్నే వచ్చి గట్టు మీద కూచో.

తొండగాడు:
ఆదివారం వస్తా అన్నా. ఆ ఫొటో మాత్రం డిలీట్ చేయను.