స్కిజోఫ్రెనియా ఉన్న తమ్ముడి మీద కేసు – నాంపల్లి కోర్టు పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. మందులు మానేసి, కిరాణా కొట్టు అద్దం పగలగొట్టి, ఆపబోయిన ఓనరును కొట్టాడు. ఇప్పుడు చంచల్‌గూడలో రిమాండ్‌. ములాఖత్‌లో నన్ను గుర్తుపట్టాడు గానీ, "బయట మైకులో నా పేరే చదువుతున్నారక్కా" అంటున్నాడు.

అమెరికాలో ఇలాంటివాళ్లకు వేరే కోర్టులే ఉన్నాయి. 1997లో ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో పెట్టారు. జైలు బదులు జడ్జి పర్యవేక్షణలో వైద్యం. మనకు అంత భాగ్యమెక్కడిది!

బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన క్రిమినల్ విచారణ పద్ధతి చట్టం) 367, 368 సెక్షన్ల కింద, తన తరఫు వాదన చెప్పుకోలేని స్థితిలో ఉంటే వైద్యపరీక్ష చేయించి విచారణ వాయిదా వేయొచ్చని చదివాను. ఆ పిటిషన్ మేమే వేయాలా? పరీక్షకు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపిస్తారా? మా లాయరేమో "ముందు బెయిల్ చూద్దాం" అని దాటేస్తున్నాడు. పాత ప్రిస్క్రిప్షన్లన్నీ దగ్గరున్నాయి. ఉచిత న్యాయసహాయంలో ఇలాంటి కేసులు చూసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.